సిరామిక్స్ సింపోజియంలో పగిలిన పెల్లెట్ల మీద పోస్టర్ పెట్టవచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా యూనివర్సిటీలో ఏటా ఒకరోజు సింపోజియం జరుగుతుంది. సిరామిక్స్, మెటీరియల్స్ సైన్స్‌లో గొప్ప కృషి చేసిన ఒకరిని ఎంపిక చేసి సన్మానిస్తారు. ప్రధానోపన్యాసం వాళ్లదే. నేను మెకానికల్ చదివి పీజీకి ఇటు వచ్చాను, ఇది మొదటి ఏడాది. మా గైడ్ పోస్టర్ పెట్టమంటున్నారు. నా దగ్గర ఉన్నవి ఆరు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పెల్లెట్లు, అంటే పొడిని నొక్కి కాల్చిన బిళ్లలు. అందులో నాలుగు పగిలాయి. ఉపన్యాసం సగం కూడా అర్థం కాదేమోనని టెన్షన్‌గా ఉంది. ఈసారికి మానేసి, మంచి ఫలితాలు వచ్చాక వచ్చే ఏడాది వెళ్తే నయమా?"

మానకండి. ఈ ఏడాదే వెళ్లండి, పోస్టరూ పెట్టండి. పగిలిన ఆ నాలుగు పెల్లెట్ల మీదే పెట్టండి. ఉపన్యాసం మొత్తం అర్థం కావాల్సిన పని లేదు. ముందు రోజు రెండు గంటలు సరిగ్గా చదువుకుంటే అందులో మీకు కావలసింది పట్టుకోగలరు. అదెలాగో కింద చెబుతాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆక్సైడ్ సిరామిక్స్‌తో పనిచేస్తున్నాను. ఇలాంటి సింపోజియాలకు మొదట విద్యార్థిగా వెళ్లాను. తర్వాత పోస్టర్లు చూసి మార్కులు వేసేవాళ్లలో ఉన్నాను. కొన్నేళ్లు ఎవరిని సన్మానించాలో తేల్చే కమిటీలోనూ కూర్చున్నాను. ఆ మూడు చోట్ల నుంచి చూసిందే రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. మామూలు కాన్ఫరెన్స్‌కీ, ఒకరి గౌరవార్థం జరిగే సింపోజియానికీ చాలా తేడా ఉంది. కాన్ఫరెన్స్‌లో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు ఇస్తారు. నిరుడు చేసిన పనిలో బాగా వచ్చిన నాలుగు గ్రాఫులు చూపించి దిగిపోతారు. ఇక్కడ ఒక మనిషి ముప్ఫై, నలభై ఏళ్లు ఒకే సమస్య చుట్టూ ఎలా తిరిగారో గంటసేపు చెబుతారు. మొదట ఏమనుకున్నారు, ఎక్కడ పొరపాటు పడ్డారు, ఏ శాంపిల్ చూశాక మనసు మార్చుకున్నారు అన్నవి పేపర్లలో దొరకవు. పేపర్ రాసేటప్పుడు వాటిని మనమే తీసేస్తాం. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్లకు నిజంగా కావలసింది ఆ తీసేసిన భాగమే.

మీ అల్యూమినాతోనే ఉదాహరణ చెబుతాను. 1950ల చివర్లో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో రాబర్ట్ కోబుల్ అల్యూమినాను కాంతి లోపలి నుంచి సాగిపోయేంత గట్టిగా సింటర్ చేయగలిగారు, అంటే పొడి కరగకుండానే వేడికి ఒకే ముక్కగా కలిసిపోయేలా కాల్చగలిగారు. అప్పటిదాకా సింటర్ చేసిన అల్యూమినా అంటే సుద్దలా తెల్లగా ఉండేదే. ఆ తెలుపుకి కారణం అల్యూమినా కాదు, లోపల మిగిలిపోయిన సన్నని రంధ్రాలు. కాంతి వాటికి తగిలి చెదిరిపోతుంది. రంధ్రాలు పూర్తిగా పోవాలంటే అవి గ్రెయిన్ల (ముక్కలోని చిన్న చిన్న స్ఫటికాల) సరిహద్దు మీదే ఉండాలి. సరిహద్దు వెంబడి పరమాణువులు త్వరగా కదిలి రంధ్రాన్ని పూడుస్తాయి. గ్రెయిన్లు ఒక్కసారిగా పెరిగితే సరిహద్దు రంధ్రాన్ని దాటి ముందుకు వెళ్లిపోతుంది. రంధ్రం గ్రెయిన్ మధ్యలో చిక్కుకుంటుంది. అక్కణ్ణుంచి దాన్ని తీయాలంటే ఎంతసేపు ఫర్నేస్‌లో ఉంచినా దాదాపు లాభం లేదు. కోబుల్ దీనికి పావు శాతం దాకా మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) కలిపారు. గ్రెయిన్ల పెరుగుదల అదుపులోకి వచ్చి రంధ్రాలు సరిహద్దుల మీదే ఉండిపోయాయి, పూడిపోయాయి. అలాంటి అల్యూమినాతో చేసిన గొట్టాలతోనే అధిక పీడన సోడియం దీపాలు సాధ్యమయ్యాయి. వేడి సోడియం ఆవిరికి మామూలు గాజు, క్వార్ట్జ్ నిలవవు, అల్యూమినా నిలుస్తుంది.

మెగ్నీషియా కలిపితే బాగా సింటర్ అవుతుందని మీరు ఇప్పటికే ఎక్కడో చదివి ఉంటారు. దాన్ని ఒక రెసిపీగా చదవడం వేరు, "రంధ్రం ఎక్కడుంది?" అన్న ఒక్క ప్రశ్నను పట్టుకుని వెళ్తే అది దొరికిందని తెలుసుకోవడం వేరు. సన్మాన ఉపన్యాసంలో వినాల్సింది ఆ ప్రశ్నని.

మెకానికల్ నుంచి వచ్చానని వెనకడుగు వేయకండి. సిరామిక్స్ యూనివర్సిటీ చదువుగా మొదలైందే ఇటుకలు, పెంకులు, కుండల దగ్గర. అమెరికాలో 1894లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ ఆర్టన్ జూనియర్ మొదలుపెట్టిన కోర్సు, 1900లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్ఫ్రెడ్‌లో చార్లెస్ బిన్స్ ఆధ్వర్యంలో మొదలైన స్కూలు బంకమట్టిని బాగా కాల్చడమెలాగో నేర్పడానికి పుట్టాయి. ఇవాళ అదే రంగం కింద ఇంజిన్ బ్లేడ్ల మీది పూతలు, ఎముకలో అతికే గాజు, బ్యాటరీల్లోని ఘన ఎలక్ట్రోలైట్లు అన్నీ వస్తున్నాయి. అందుకే సింపోజియం పేరులో సిరామిక్స్ పక్కన మెటీరియల్స్ సైన్స్ అని కూడా ఉంటుంది. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, మెకానికల్, దంతవైద్యం నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. ప్రతి ఒక్కరికీ ఉపన్యాసంలో ఏదో ఒక భాగం తెలియదు. పైగా పగుళ్ల గురించి మీరు డిగ్రీలో చదివింది ఇక్కడ మిగతావాళ్ల కన్నా మీకే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఇప్పుడు పగిలిన పెల్లెట్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడుంది.

నేను రెండో ఏడాది విద్యార్థిగా ఉన్నప్పుడు అల్యూమినా బార్ల వంపు బలం కొలుస్తున్నాను. ఒకే పొడి, ఒకే ప్రెస్, ఒకే ఫర్నేస్. అయినా ఒక బార్ 390 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలమానం) దగ్గర విరిగేది, పక్కది 280 దగ్గరే విరిగేది. పోస్టర్ మీద సగటు విలువ, దాని చుట్టూ విలువలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చూపే పొడవాటి ఎర్రర్ బార్ గీత వేసి నిలబడ్డాను. సింపోజియానికి వచ్చిన ఒక పెద్దాయన పోస్టర్ చదివి, గ్రాఫ్ గురించి ఏమీ అడగలేదు. "విరిగిన ముక్కలు దాచావా?" అన్నారు. అదృష్టం కొద్దీ బ్యాగులో ఉన్నాయి, చిన్న కవర్లలో. అందులోంచి తక్కువ బలానికి విరిగిన బార్ తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్లారు. విరిగిన ముఖాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టలేదు. దాదాపు అడ్డంగా పెట్టి, వెలుగు ముఖాన్ని రాసుకుంటూ పోయేలా నెమ్మదిగా తిప్పారు. అంతవరకు తెల్లగా, చదునుగా కనిపించిన ముఖం మీద సన్నని గట్లు లేచాయి. ఏటి పాయల్లా విచ్చుకుని ఉన్నాయి. "ఇవన్నీ ఎక్కడినుంచి బయల్దేరాయో వెనక్కి వెళ్లి చూడు" అని జేబులోంచి భూతద్దం తీసి నా చేతికిచ్చారు. గీతలన్నీ బార్ కింది అంచుకి దగ్గరగా ఒకే చోట కలిశాయి. అక్కడ కంటికి ఒక చుక్క మాత్రమే కనబడింది.

రెండు వారాల తర్వాత ఆ చుక్కను ఎస్ఈఎం (ఒక రకం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద పెట్టాం. అది గొట్టం ఆకారంలో ఉన్న ఖాళీ. వెంట్రుకంత లావు. పొడి తూచే బల్ల తుడిచే గుడ్డ నుంచి ఒక పోగు పొడిలో పడింది. ఫర్నేస్‌లో అది కాలిపోయి, దాని ఆకారం మాత్రం మిగిలింది. మిగతా తక్కువ విలువల ముక్కలూ చూశాం. మూడింట్లో అవే గొట్టాలు. ఆ తర్వాత గుడ్డ మార్చాం, పొడి మీద ఎప్పుడూ మూత ఉంచాం, ప్రెస్ చేసేముందు జల్లెడ పట్టాం. తక్కువ బలానికి విరిగే బార్లు బాగా తగ్గిపోయాయి. అప్పటికి ఏడాదిగా నేను సింటరింగ్ ఉష్ణోగ్రత మార్చుకుంటూ కూర్చున్నాను.

దీని వెనుక ఉన్న లెక్క మీకు తెలిసిందే. 1921లో బ్రిటిష్ ఇంజినీరు గ్రిఫిత్ గాజు మీద చూపించిన విషయం అది: పెళుసు పదార్థం బలం దాని రసాయన బంధాల మీద కన్నా, అందులో ఉన్న పగులు ఎంత పెద్దదన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. లోపం నాలుగు రెట్లయితే బలం సగానికి పడిపోతుంది. అల్యూమినా ఫ్రాక్చర్ టఫ్‌నెస్‌ను (పగులు పాకకుండా అడ్డుకునే గుణాన్ని) 4 మెగాపాస్కల్ రూట్ మీటర్ అనుకుని లెక్కేస్తే, ఉపరితలం మీద 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) లోతు లోపం ఉన్న బార్ సుమారు 300 మెగాపాస్కల్ దగ్గర విరుగుతుంది. 50 మైక్రాన్లయితే 430 దాటుతుంది. ఒక వెంట్రుక మందం ఎంతో గుర్తు తెచ్చుకోండి, నా కథ మొత్తం ఆ లెక్కలోనే ఉంది.

మీ నాలుగు పెల్లెట్లకు రండి. పోస్టర్‌లో జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటే: పగులు ఎప్పుడు వచ్చింది? ఎందుకు అన్నది దాని వెంటే వస్తుంది.

పగులు అంచులు చూడండి. అంచులు గుండ్రబడి, పగులు నోరు తెరుచుకుని ఉంటే అది సింటరింగ్‌కు ముందే ఉంది. మిగతా ముక్క కుంచించుకుపోతున్నప్పుడు ఆ పగులు ఇంకా తెరుచుకుంది. అంచులు పదునుగా ఉండి, రెండు ముక్కలూ ఒకదానికొకటి సరిగ్గా సరిపోయేలా కనిపిస్తుంటే అది చల్లారేటప్పుడో, ఆ తర్వాతో వచ్చింది. ఎస్ఈఎం దొరికితే ఇంకా ఖాయంగా తెలుస్తుంది. పగులు ముఖం మీద గ్రెయిన్లు నున్నగా, గుండ్రంగా ఉంటే ఆ ముఖం ఫర్నేస్ వేడి చూసింది. అప్పుడే విరిగినట్టు పదునుగా ఉంటే చూడలేదు.

పెల్లెట్ పైభాగం టోపీలా ఊడి వచ్చిందా? ముఖానికి సమాంతరంగా పొరలు కనిపిస్తున్నాయా? అది డైలోంచి, అంటే పొడి నొక్కిన అచ్చులోంచి, తీసేటప్పుడు వచ్చిన పగులు. నొక్కిన పొడి స్ప్రింగులా కొంచెం తిరిగి పొంగుతుంది. డైలోంచి బయటికి వచ్చిన భాగం పొంగుతుంది, లోపల ఉన్న భాగానికి ఇంకా పొంగే చోటు లేదు. ఆ రెంటి మధ్య చీలుతుంది. ఒత్తిడి తగ్గించి చూడండి. కొత్తగా చేసేవాళ్లందరూ ఎక్కువ నొక్కితే మంచిదనుకుంటారు. పెల్లెట్ జారి వచ్చేలా డై గోడకు కాస్త స్టియరిక్ యాసిడ్ రాయండి. తీసేటప్పుడు పై పంచ్ (పొడిని నొక్కే కడ్డీ) మీద కొద్దిపాటి బరువు ఉంచండి.

బైండర్ (పొడిని పట్టి ఉంచే జిగురు) ఎక్కువై, త్వరగా వేడిచేస్తే వాయువు బయటికి దారి చేసుకుంటుంది. ఉబ్బులు, నక్షత్రంలా విచ్చుకున్న పగుళ్లు కనబడతాయి. పీవీఏ అనే బైండర్ వాడుతుంటే 600 డిగ్రీల దాకా నిమిషానికి 1 డిగ్రీ చొప్పున వెళ్లండి. రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి.

ఇక చల్లార్చడం. అల్యూమినా ఒక్కసారిగా నీళ్లలో పడితే సుమారు 200 డిగ్రీల తేడా దగ్గరే బలం కోల్పోతుంది. గాలిలో అంత కఠినంగా ఉండదు గానీ, ఫర్నేస్ 500 డిగ్రీల మీద ఉండగానే తలుపు తీసి చల్లని పళ్లెం మీద పెల్లెట్ పెట్టారంటే పగులు మీరే అడిగి తెచ్చుకున్నట్టు. నలుగురు వాడే ఫర్నేస్ అయితే, మీ తర్వాతివాళ్లు త్వరగా ఖాళీ కావాలని తలుపు తీసి ఉండొచ్చు. లాగ్ బుక్ చూడండి.

పగలని రెండు పెల్లెట్లను కూడా నమ్మకండి. వాటి మీద పల్చని రంగు సిరా ఒక చుక్క వేసి, నిమిషం ఆగి తుడవండి. కంటికి కనబడని పగులు ఉంటే గీతలా మిగులుతుంది. ఎస్ఈఎంకి పంపాల్సిన ముక్క మీద మాత్రం ఇది చేయకండి.

పోస్టర్ మీద ఏముండాలి అంటే: పగిలిన పెల్లెట్ ఫొటో పెద్దగా, పక్కన స్కేలు పెట్టి. ఫొటో పక్కవెలుతురులో తీయండి, ఫ్లాష్ వద్దు. ఒక చిన్న పట్టిక, అందులో ప్రతి పెల్లెట్‌కీ నొక్కిన ఒత్తిడి, కాల్చకముందు సాంద్రత, కాల్చాక ఆర్కిమిడీస్ పద్ధతిలో (నీళ్లలో తూచి) సాంద్రత, కుంచించుకున్న శాతం. ఆ అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో ముందే సరిచూసుకోండి. నొక్కిన పెల్లెట్ (రంధ్రాలే లేని అల్యూమినాతో పోలిస్తే) 55 శాతం సాంద్రత నుంచి 99 శాతానికి చేరిందంటే అది అన్ని వైపులా సుమారు 18 శాతం కుంచించుకోవాలి. అంటే 20 మిల్లీమీటర్ల డైలో చేసింది 16.4 దగ్గరికి రావాలి. మీది 18 దగ్గర ఆగిపోయి, పట్టికలో 99 శాతం అని ఉంటే చూసినవాళ్లు మొదట దాన్నే పట్టుకుంటారు. పోస్టర్లకు మార్కులు వేసిన రోజుల్లో నేను ముందుగా చూసింది ఈ రెండు అంకెలే.

శీర్షికలో "అధ్యయనం" అనే మాట కన్నా మీరు కనుక్కున్నది రాయండి. "నాలుగు పెల్లెట్లలో మూడు డైలోంచి తీసేటప్పుడే పగిలాయి" అని ఉంటే జనం ఆగుతారు. మీకు నాలుగో దాని కారణం తెలియకపోతే తెలియదని రాయండి. దాని ముందే ఎక్కువసేపు మాట్లాడతారు.

ఉపన్యాసానికి ఎలా సిద్ధపడాలో ఇప్పుడు. సన్మానం అందుకునేవారి పేపర్ల జాబితా చూస్తే గుండె జారిపోతుంది, అన్నీ చదవాలని చూడకండి. రెండే చదవండి: వాళ్లకు పేరు తెచ్చిన తొలినాళ్ల పేపర్ ఒకటి, ఈ రెండు మూడేళ్లలో వచ్చింది ఒకటి. సమీకరణాలు వదిలేయండి. పరిచయం, బొమ్మలు, ముగింపు చదవండి. మొదటి దాంట్లో అడిగిన ప్రశ్న రెండో దాంట్లో ఏమైందో ఒక వాక్యంలో రాసుకోండి. ఉపన్యాసమంతా ఆ రెంటి మధ్య దూరాన్నే నింపుతుంది.

మెకానికల్ లక్షణాల మీద పనిచేసినవాళ్లయితే వైబుల్ పేరు తప్పక వస్తుంది. స్వీడన్ ఇంజినీరు. ఆయన పేరు మీది మాడ్యులస్ పెద్దదైతే బార్ల బలాలన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయని అర్థం, చిన్నదైతే చెల్లాచెదురుగా ఉన్నాయని. ఇంజినీరింగ్ సిరామిక్స్‌లో సాధారణంగా 10 చుట్టుపక్కల ఉంటుంది. సగటు బలం కన్నా ఈ అంకె ఎందుకు ముఖ్యమో నా గుడ్డపోగు కథతో పోల్చుకుంటే తెలిసిపోతుంది. దీన్ని సరిగ్గా తేల్చాలంటే ముప్ఫై బార్లయినా విరవాలి. మీ ఆరు పెల్లెట్లతో వైబుల్ గ్రాఫ్ గీయకండి.

జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) మీద పనిచేసినవాళ్లయితే 1975 గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో గార్వీ, హానింక్, పాస్కో ముగ్గురూ నేచర్ పత్రికలో "సిరామిక్ స్టీల్?" అని ప్రశ్నార్థకం పెట్టి పేపర్ రాశారు. పగులు ముందుకు వస్తుంటే దాని కొన దగ్గరి జిర్కోనియా గ్రెయిన్లు తమ స్ఫటిక రూపం మార్చుకుని నాలుగైదు శాతం ఉబ్బుతాయి, ఉబ్బి పగులు నోరు నొక్కేస్తాయి. అంతకుముందు దాకా ఆ రూపమార్పు జిర్కోనియాకు శాపం. చల్లారేటప్పుడు ముక్కలు చేసేసేది. ఆ శాపాన్నే పగులుకు అడ్డుగా నిలబెట్టడం ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆలోచన. ఎప్పుడు చెప్పినా కొత్తగానే ఉంటుంది.

వింటున్నప్పుడు స్లైడ్లు రాసుకోకండి, అవి తర్వాత దొరుకుతాయి. "అప్పుడు మేం పొరబడ్డాం", "ఇది అనుకోలేదు" అన్న మాటలు వినిపించిన చోట మాత్రం రాయండి. ఉదాహరణకు, 1953లో అమెరికాలోని కార్నింగ్ గాజు కంపెనీలో డోనాల్డ్ స్టూకీ ఒక గాజు ముక్కను 600 డిగ్రీల దగ్గర వేడిచేయబోతే ఫర్నేస్ 900 దాకా వెళ్లిపోయింది. కరిగి ముద్దయి ఉంటుందని తలుపు తీస్తే తెల్లగా మారి ఆకారం నిలుపుకున్న పలక కనిపించింది. బయటికి తీస్తుంటే జారి నేల మీద పడింది, పగలలేదు. గ్లాస్ సిరామిక్స్ (లోపల స్ఫటికాలు పెంచిన గాజులు) అక్కడ మొదలయ్యాయి. చెడిపోయిందని దాన్ని చెత్తబుట్టలో వేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. గాజులో ఉన్న వెండి కణాలు స్ఫటికాలకు విత్తనాలయ్యాయని ఆయన తర్వాత పట్టుకోగలిగారు.

ప్రశ్నల సమయంలో చేయి ఎత్తాలా అని మీరు అడగలేదు గానీ, ఎత్తండి. "భవిష్యత్తులో దీని ఉపయోగాలేమిటి?" అన్నది వద్దు. దానికి వాళ్లు వందసార్లు జవాబు చెప్పి ఉంటారు. "మీకు నమ్మకం కుదిర్చిన మొదటి శాంపిల్ ఏది?" అని అడిగి చూడండి. నేను ఈ ప్రశ్న చాలామందిని అడిగాను. ఒక్కరు కూడా ముక్తసరిగా జవాబు చెప్పలేదు.

హాల్లో ధైర్యం చాలకపోతే టీ విరామం ఉంది. నా లెక్కన ఆ ఇరవై నిమిషాలే రోజంతటిలో విలువైనవి. 1967లో అమెరికా పరిశోధకుడు లారీ హెంచ్ ఒక మెటీరియల్స్ కాన్ఫరెన్స్‌కు బస్సులో వెళ్తుంటే పక్కసీటులో వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైన్యాధికారి కూర్చున్నాడు. హెంచ్ తన పని గురించి చెబుతుంటే, మనిషి శరీరం తిప్పికొట్టని పదార్థం ఒకటి చేయలేరా అని ఆయన అడిగాడు. కాళ్లు చేతులు కోల్పోయిన సైనికులను చూసి వచ్చినవాడి ప్రశ్న అది. 1969లో హెంచ్ బృందం చేసిన గాజును ఎలుక తొడ ఎముకలో పెడితే, ఆరు వారాల తర్వాత అది ఊడి రాలేదు, ఎముకకు అతుక్కుపోయింది. బయోగ్లాస్ 45ఎస్5 అదే: 45 శాతం సిలికా, 24.5 శాతం చొప్పున సోడియం, కాల్షియం ఆక్సైడ్లు, 6 శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. పదార్థాలు తెలియని మనిషి అడిగిన ప్రశ్న అంత దూరం వెళ్లింది. మీరు పదార్థాలు కొంచెం తెలిసిన మనిషి.

కమిటీలో ఉన్నప్పుడు సన్మానానికి ఎవరిని ఎలా ఎంచేవాళ్లమో కూడా చెబుతాను. ఎదుట ఉన్నవారు మీకు అందనంత ఎత్తులో ఉన్నారన్న బెరుకు దీంతో కొంత తగ్గుతుందని. నామినేషన్లలో పేపర్ల సంఖ్య అందరికీ పెద్దదే కాబట్టి దాంతో ఏమీ తేలేది కాదు. మేం వెతికింది వేరే: ఈ మనిషి పని వల్ల ఇతర ల్యాబుల్లో రోజువారీ పద్ధతి ఏదైనా మారిందా? పొడి తయారు చేసే తీరో, కొలిచే తీరో, కాల్చే తీరో? మద్దతు లేఖల్లో పాత విద్యార్థులు రాసినవాటిని నేను రెండుసార్లు చదివేవాణ్ణి. వాటిలో తరచూ కనిపించిన మాట, "నా చెడిపోయిన శాంపిల్స్ పారేయనిచ్చేవారు కాదు" అని. అలాంటి మనిషి మీ పోస్టర్ ముందుకు వచ్చి పగిలిన పెల్లెట్లు చూస్తే చిన్నచూపు చూస్తారని భయపడాల్సిన పని లేదు.

రెండు జాగ్రత్తలు. మీ ప్రాజెక్టుకు ఏదైనా కంపెనీ డబ్బులిస్తుంటే, లేదా పేటెంట్ ఆలోచన ఉంటే, పోస్టర్ మీద ఏం పెట్టవచ్చో గైడ్‌ను ముందే రాతపూర్వకంగా అడగండి. నలుగురి ముందు పెట్టాక వెనక్కి తీసుకోలేం. రెండోది, సన్మానం అందుకునేవారిని ఆ రోజు ఉద్యోగం కోసమో, సిఫారసు లేఖ కోసమో అడగకండి. వారం తర్వాత, మాట్లాడుకున్న విషయాన్ని గుర్తుచేస్తూ నాలుగు వాక్యాల మెయిల్ పెట్టండి, మీ ఎస్ఈఎం ఫొటో జతచేసి. నాకు భూతద్దం ఇచ్చిన పెద్దాయనకు నేను గొట్టం ఫొటో పంపాను. మర్నాటికల్లా జవాబు వచ్చింది, ఇంకో మూడు ముక్కల ఫొటోలు పంపమని.

ఇక పెల్లెట్లు తీసుకెళ్లే పద్ధతి. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క కవరు, దాని మీద నంబరు, తేదీ. ముక్కలను అంచులు పట్టుకునే తీయండి, విరిగిన ముఖాన్ని వేలితో తాకకండి. చూసినవాళ్లందరికీ రెండు ముక్కలనూ కలిపి సరిపోతున్నాయో లేదో చూడాలనిపిస్తుంది, మీకూ అనిపిస్తుంది. కలపనివ్వకండి. ముఖాలు ఒకదానికొకటి రాసుకుంటే గట్ల కొనలు రాలిపోతాయి, పగులు ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తులు వాటితోపాటే పోతాయి.